బిడ్డని ఏ పక్క ఎత్తుకుంటారు?

(విజయనగరంలో బెల్లీ డాన్స్ నేర్చుకుంటున్న మహిళలతో ఒక డాన్స్ టీచర్ మాట్లాడిన మాటల అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. కాళ్ళు చాపుకున్నా పరవాలేదు, మనలో మనకి మొహమాటం ఎందుకు.

ముందు ఒకటి అడుగుతాను. పిల్లలున్నవాళ్ళు చెప్పండి, బిడ్డని ఏ పక్క ఎత్తుకునేవారు? ఎడమ... ఎడమే... ఆవిడొక్కరే కుడి అంటున్నారు. మీది ఎడమచేతి వాటమా? అదీ సంగతి. పిల్లలు లేనివాళ్ళు చెప్పండి, నీళ్ళ బిందె ఏ పక్క పెట్టుకుంటారు? కాలేజీ బ్యాగు ఏ భుజానికి? బండి వెనక ఒక పక్కకి కూర్చుంటే నడుము ఎటు తిరుగుతుంది?

క్లాసులో నేను చూసేది ఇదే. ఎడమ తుంటి లేపమంటే చక్కగా లేస్తుంది. కుడి తుంటి లేపమంటే భుజం లేస్తుంది, కనుబొమ్మ లేస్తుంది, తుంటి మాత్రం లేవదు. (నవ్వులు) ఏళ్ళ తరబడి ఎడమ తుంటిని పక్కకి తోసి దాని మీద బిడ్డని కూర్చోబెట్టుకుని, కుడి చేత్తో పప్పు కలిపాం మరి. ఒక పక్క కండరాలకి ఎత్తి పట్టుకోవడం వచ్చింది, రెండో పక్కకి రాలేదు. వారానికి రెండు మూడు గంటలు నేను నేర్పేదానికి, మిగతా వారమంతా వంటగది, ఆఫీసు కుర్చీ, బండి సీటు నేర్పేదానికి పోటీ పెడితే ఎవరు గెలుస్తారో మీకే తెలుసు. అందుకని ఈరోజు స్టెప్పుల గురించి తక్కువ, మీ రోజు ఎలా గడుస్తుందన్న దాని గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఈ బిడ్డ సంగతికి మందు సులువే. పక్క మార్చండి. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, బిడ్డ కూడా ఒప్పుకోదు. బ్యాగు భుజం మార్చండి. స్టవ్ ముందు నిలబడినప్పుడు చూసుకోండి, బరువంతా ఒక కాలి మీదే వేసి రెండో కాలు వదిలేస్తాం. రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడి, మోకాళ్ళు కొంచెం వదులు చేసి పప్పు ఉడికేదాకా ఉండండి. అదే ప్రాక్టీసు. అలవాటయ్యాక అక్కడే నెమ్మదిగా షిమ్మీ, అదే తుంటిని ఆగకుండా ఊపడం, కూడా చేసుకోవచ్చు. గారెలు వేసేటప్పుడు మాత్రం వద్దు తల్లీ, మూకుడులో నూనె కాగుతుంటుంది.

షిమ్మీ అంటే గుర్తొచ్చింది. చాలామంది పొట్టని, నడుముని ఊపడానికి అవస్థ పడతారు. పేరులోనే బెల్లీ ఉంది కదా, పొట్టే కదలాలనుకుంటారు. మామూలు షిమ్మీలో పని చేసేది మోకాళ్ళు. ఒకటి వంగుతుంటే ఒకటి నిటారవుతుంది, ఆ తేడాకి తుంటి దానంతటదే ఊగుతుంది. మోకాలు నిటారయ్యేటప్పుడు వెనక్కి బిగబట్టొద్దు, అక్కడే నొప్పులు మొదలవుతాయి. పాదాలు తుంటి వెడల్పున, వేళ్ళు ముందుకి. ఛాతీ కింద పక్కటెముకలు ముందుకి పొడుచుకు రాకూడదు. పిరుదులు వెనక్కి నెట్టి నడుము వంకర చేయకూడదు, అలాగని బలవంతంగా లోపలికి లాగి బిగించనూ కూడదు. ముందు తాళానికి ఒక్కటి, తర్వాత రెండు, తర్వాత నాలుగు. వేగం కోసం తొందరపడితే ఒళ్ళు బిగుస్తుంది. బిగిసిన ఒంట్లో షిమ్మీ చలిజ్వరం వణుకులా కనిపిస్తుంది.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా భరతనాట్యమో కూచిపూడో నేర్చుకుని ఉంటారు. ఈ గదిలోనూ సగం మంది అలాంటివాళ్ళే. అది పెద్ద ఆస్తి. తాళం తెలుసు, చేతులు అందంగా ఉంటాయి, గురువు చెప్పింది వినడం వచ్చు. కానీ అరమండిలో మోకాళ్ళు పక్కలకి తెరుచుకుంటాయి, పాదం నేలని గట్టిగా కొడుతుంది, మొండెం ఒకే ముక్కగా నిలబడుతుంది. ఇక్కడ మొండెం విడిపోవాలి. ఛాతీ తిరుగుతుంటే తుంటి ఆగాలి, తుంటి తిరుగుతుంటే భుజాలు నిద్రపోవాలి. పాదం నేలని తాకినట్టు తెలియకూడదు. శాస్త్రీయ నాట్యం వచ్చినవాళ్ళకి మొదటి మూడు నెలలు మిగతావాళ్ళ కంటే కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత వాళ్ళని పట్టుకోలేం. కాబట్టి ఆ మొదటి నెలల్లో "నాకు ఇది రాదు" అని మానేయకండి.

తాళం సంగతి కూడా చెప్పేస్తాను, నాకు ఇష్టమైన భాగం ఇది. మక్సూమ్ అని ఈ నాట్యంలో ముఖ్యమైన తాళం. దుమ్ అంటే డప్పు మీద పడే బరువైన దెబ్బ, తక్ అంటే అంచు మీద పడే సన్నటి దెబ్బ. చప్పట్లతో వేయండి నాతో. దుమ్ తక్, తక్ దుమ్, తక్. మళ్ళీ. దుమ్ తక్, తక్ దుమ్, తక్. బాగుంది. ఇప్పుడు మధ్యలో ఒక్క దెబ్బ మారుద్దాం. దుమ్ తక్, దుమ్ దుమ్, తక్. వినగానే భుజాలు కదిలాయి చూశారా? ఇది సయీదీ, ఎగువ ఈజిప్టు పల్లెల తాళం. కర్ర పట్టుకుని చేసే నాట్యం దీని మీదే నడుస్తుంది. అక్కడి మగవాళ్ళ కర్రసాము లాంటి తహ్తీబ్‌ని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మన తప్పెటగుళ్ళు వింటూ పెరిగినవాళ్ళకి ఆ రెండు దుమ్‌లు పక్కపక్కన పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. బస్సులో కూర్చుని తొడ మీద వేళ్ళతో వేసుకోండి. రోజూ ఆ కాసేపు చాలు. దుమ్ ఎక్కడ పడుతుందో చెవికి తెలిస్తే తుంటి అక్కడే పడుతుంది. లేకపోతే తుంటిని లేపి కిందకి దించే హిప్ డ్రాప్ ఎంత బాగా చేసినా పాటకి సంబంధం లేకుండా ఎటో పోతుంది.

వేళ్ళకి పెట్టుకునే తాళాలు, జిల్స్, కొన్నవాళ్ళున్నారా? ఒకటి బొటనవేలికి, ఒకటి మధ్యవేలికి. ఎలాస్టిక్ గోరు మొదట్లో, గట్టిగా పట్టి ఉండాలి. వదులైతే వేలి మీద గిరగిరా తిరుగుతుంది. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు ఒకదానికి గుడ్డ తొడిగి ప్రాక్టీసు చేయండి. పక్కింటివాళ్ళకి పరీక్షలు, మనకి శాపనార్థాలు.

సరే, తిండి. ఎక్కువమంది అడిగేది పొట్ట తగ్గించాలా అని. అక్కర్లేదు. ఈ నాట్యానికి ఒంట్లో కాస్త కండ ఉంటేనే అందం, కదలిక కనిపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఉపవాసాలు చేసి క్లాసుకి రావద్దు, కళ్ళు తిరిగి పడిపోతారు. అలాగని బిర్యానీ తిని కూడా రావద్దు. పెద్ద భోజనానికి, డాన్సుకి మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. క్లాసుకి ముందు ఆకలేస్తే ఒక అరటిపండు, లేదా చిన్న గ్లాసుడు చోడి అంబలి. మన ఉక్కపోత మీకు తెలుసు, మే నెలలో గంట క్లాసు అయ్యేసరికి జాకెట్టు పిండుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో నీళ్ళు తాగండి. క్లాసు తర్వాత ఉప్పేసిన మజ్జిగ మహబాగా పనిచేస్తుంది, బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరుని అడగండి. గుండె దడ, ఆయాసం, ఊరికే అలసట ఉంటే "వయసైపోయింది" అని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణి కాని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానండి, తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టనివ్వదు. తోటకూర మీద నిమ్మకాయ పిండుకోండి, అది పట్టేలా చేస్తుంది.

ఇప్పుడు చెప్పేది కాస్త గట్టిగా చెబుతాను, కోపం అనుకోకండి. నొప్పి మాత్రలు. క్లాసుకి ముందు ఒకటి వేసుకుని వస్తున్నారు, నాకు తెలుసు. పర్సుల్లో షీట్లకి షీట్లు చూశాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మూత్రపిండాలకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం మన పక్కనే ఉంది. కవిటి, సోంపేట వైపు చుట్టాలున్నవాళ్ళు ఈ గదిలోనే ఉంటారు, డయాలసిస్ అంటే ఏమిటో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకి కచ్చితమైన కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, నొప్పి మాత్రల వల్లే వచ్చిందని నేను అనట్లేదు. కానీ మూత్రపిండాల విషయంలో ఇంత దెబ్బ తిన్న ప్రాంతంలో ఉంటూ, మోకాలి నొప్పి కనపడకుండా మాత్ర మింగి షిమ్మీ చేయడం ఏం తెలివి? మాత్ర నొప్పిని మూసేస్తుంది, మోకాలికి తగిలే దెబ్బ తగులుతూనే ఉంటుంది. డాక్టరు రాసిస్తే వేసుకోండి, రాసినన్ని రోజులే వేసుకోండి.

ఏది మామూలు నొప్పి, ఏది కాదు? కొత్త కదలిక నేర్చుకున్న మర్నాడు కండలు పట్టేసినట్టుంటాయి, రెండు మూడు రోజుల్లో పోతుంది. అది పరవాలేదు. కీలులో గుచ్చినట్టుంటే, ఒకే చోట పొడిచినట్టుంటే ఆ కదలిక ఆపాలి. నడుములో మొదలై కాలి కిందకి జారే నొప్పి, కాలు తిమ్మిరి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. దాంతోపాటు మూత్రం మీద పట్టు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి, రేపు చూద్దాం అనకూడదు.

మూత్రం అన్నాను కాబట్టి, మగవాళ్ళెవరూ లేరు కదా, ఇది కూడా చెప్పుకుందాం. కాన్పులైనవాళ్ళలో కొందరికి షిమ్మీ చేస్తుంటే, గెంతితే, రెండు చుక్కలు పడతాయి. క్లాసుకి రావడం మానేస్తారు తప్ప ఎవరితోనూ చెప్పరు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మూత్రాన్ని ఆపుకునే కండరాలు కాన్పులో సాగుతాయి, ఫిజియోథెరపిస్టు వాటికి వ్యాయామాలు నేర్పిస్తారు, చాలామందికి తగ్గుతుంది. అలాగే పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి ఉండొచ్చు. ఇంట్లో చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం లేపండి. బొడ్డు దగ్గర వేళ్ళు అడ్డంగా ఆనించండి. రెండు వేళ్ళ కంటే ఎక్కువ సందు తగిలినా, మధ్యలో గట్టులా ఉబ్బి కనిపించినా పొట్టని అలలా కదిలించే బెల్లీ రోల్స్ ఆపి ముందు ఫిజియో దగ్గరికి వెళ్ళండి. సిజేరియన్ అయినవాళ్ళు కనీసం ఆరు వారాల తర్వాత, అదీ డాక్టరు సరే అన్నాకే. గర్భిణులు డాక్టరుని అడగకుండా క్లాసుకి రావద్దు, నేనే వెనక్కి పంపిస్తాను. నెలసరి రోజుల సంగతంటారా, మీ ఒళ్ళు ఎలా చెబితే అలా. చేయాలనిపిస్తే చేయండి, పడుకోవాలనిపిస్తే పడుకోండి.

మెట్టెలు! మర్చిపోయేదాన్ని. స్కర్టు అంచు షిఫాన్‌ది, మెట్టె కొసకి చిక్కిందంటే గిర్రున తిరిగే చోట బోర్లా పడతారు. తీసేయమంటే ఇంట్లో ఒప్పుకోరు. తీయక్కర్లేదు, ఆసుపత్రుల్లో వాడే తెల్ల పేపర్ ప్లాస్టరు చిన్న ముక్క మెట్టె మీద చుట్టండి. మందుల షాపులో దొరుకుతుంది. మంగళసూత్రం ఛాతీ షిమ్మీకి ఎగిరి పంటికి తగులుతుంది, జాకెట్టు లోపల పిన్నుతో పట్టించండి. గాజు గాజులు వద్దే వద్దు. మడమ పగుళ్ళు ఉన్నవాళ్ళు రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాసి సాక్సు వేసుకోండి, పగుళ్ళకి కూడా బట్ట చిక్కుతుంది. క్లాసుకి ముందు మాత్రం నూనె రాసుకోకండి, టైల్స్ మీద జారుతారు. రబ్బరు యోగా మ్యాటు మీద గుండ్రంగా తిరగొద్దు. పాదం మ్యాటుకి అంటుకుపోతుంది, ఒళ్ళు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. వార్మప్ మ్యాటు మీద, తిరుగుళ్ళు నేల మీద.

బట్టల గురించి. ఆన్‌లైన్లో వచ్చే కాయిన్ బెల్టులు చవకే, కానీ ఆ బిళ్ళల అంచులు పదునుగా ఉంటాయి, కింద బట్టని కోసేస్తాయి. హుక్కులు ఫ్యాక్టరీవాళ్ళు కుట్టిన దారంతో నమ్మకండి, వచ్చిన రోజే విప్పి గట్టి దారంతో మళ్ళీ కుట్టండి. పూసల బట్టలు ఉతకొద్దు. ప్రోగ్రాం అవగానే తిరగేసి ఫ్యాను కింద ఆరేయండి, ఎండలో వేస్తే రంగు పోతుంది. తడిగా బీరువాలో పెడితే మన తేమకి వారంలో బూజు పడుతుంది. పొట్ట కనిపించడం ఇష్టం లేనివాళ్ళు ఒంటి రంగు నెట్ వేసుకోండి. ఈజిప్టులోనే నాసర్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో స్టేజీ మీద పొట్ట కప్పుకోవాలని నిబంధన పెట్టారు, అక్కడి పేరున్న డాన్సర్లు నెట్ వేసుకునే ఆడారు. అలా చేస్తే అసలు బెల్లీ డాన్స్ కాదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. మేకప్ గదికి, స్టేజీకి మధ్య నడిచేటప్పుడు పైన పొడవాటి గౌను వేసుకోవడం వాళ్ళ పద్ధతి, మనకీ మంచిదే.

(సభలోంచి ప్రశ్న: మా అత్తగారు "ఏటమ్మా ఇది, రికార్డింగ్ డాన్సా?" అంటున్నారండీ, ఏం చెప్పాలి?)

ఏం చెప్పాలంటే... ముందు ఒక మాట. జాతరల్లో రికార్డింగ్ డాన్సు చేసే ఆడపిల్లలు పొట్టకూటి కోసం తెల్లవార్లూ ఆడతారు. "మేం వాళ్ళలాంటివాళ్ళం కాదు" అని వాళ్ళని కిందకి నెట్టి మనం పైకెక్కడం నాకు నచ్చదు. అత్తగారికి ఇది ఎక్కడిదో చెప్పండి. ఈజిప్టులో పెళ్ళిళ్ళలో, ఇళ్ళల్లో ఆడవాళ్ళు తమలో తాము ఆడుకునే నాట్యం ఇది. 1920ల్లో కైరోలో క్లబ్బు పెట్టిన బదియా మసాబ్ని దాన్ని పెద్ద స్టేజీకి తగ్గట్టు మలిచింది. తహియా కరియోకా, సామియా గమాల్ ఆవిడ దగ్గర నుంచే వచ్చి సినిమా తారలయ్యారు. వీడియో చూపించండి, సినిమా ఐటెం సాంగ్ కాకుండా మంచి వేదిక మీద చేసినది. అన్నిటికంటే తేలిక, ఒకరోజు క్లాసుకి తీసుకురండి. ఆవిడకి నడుము నొప్పి ఉందా? ఉంటే వెనక కుర్చీలో కూర్చోబెట్టి తుంటి గుండ్రంగా తిప్పడం నేర్పిద్దాం. మనలో ఒకరి అత్తగారు అలా వచ్చి ఇప్పుడు కోడలి కంటే ముందే వస్తున్నారు, పేరు చెప్పను. (నవ్వులు)

(ప్రశ్న: ప్రోగ్రాములు ఒప్పుకోవచ్చా? పెళ్ళి సంగీత్‌లకి అడుగుతున్నారు.)

ఒప్పుకోండి, కానీ కళ్ళు తెరిచి. ఎవరి ఫంక్షను, ఎంతమంది, మందు ఉంటుందా, స్టేజీ ఉందా లేక జనం మధ్యలోనా, ఇవన్నీ ముందే అడగండి. మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో రాసి పంపించి "సరే" అనిపించుకోండి. సగం డబ్బు అడ్వాన్సు. ఒంటి మీద నోట్లు పెట్టడం, అంటించడం ఉండదని ముందే చెప్పేయండి. అప్పుడు మొహమాటపడితే స్టేజీ మీద ఏడవాల్సి వస్తుంది. ఒంటరిగా వెళ్ళొద్దు, మీతో వచ్చే మనిషి డాన్స్ చూడ్డానికి కాకుండా మీ బ్యాగు, ఫోను, చెప్పులు చూడ్డానికి రావాలి. తిరిగొచ్చే బండి వాళ్ళ మీద వదలకుండా మీరే చూసుకోండి. పాట పెన్‌డ్రైవులో ఒకటి, ఫోనులో ఒకటి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి డ్రమ్ సోలో మధ్యలో "ఎక్కడున్నావ్" అని ఫోనొస్తుంది. పందిరి స్టేజీ అయితే చెప్పులు వేసుకుని ఒకసారి అంతా నడవండి. పలకల మధ్య సందులు, పైకి లేచిన మేకులు, తివాచీ కింద వైర్లు చూసుకోండి. రీల్స్ పెట్టేవాళ్ళు ఆ చోటు వదిలి ఇంటికొచ్చాకే పెట్టండి, ఎక్కడున్నారో అప్పటికప్పుడు ఊరందరికీ తెలియక్కర్లేదు.

(ప్రశ్న: నాకు 52 ఏళ్ళండీ. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?)

మీరు ఇందాక చాప మీద నుంచి చెయ్యి ఆనకుండా లేచారు, నేను చూశాను. కింద కూర్చుని లేచే అలవాటు ఉంది కాబట్టి మీ తుంటి కీళ్ళు కుర్చీలో పెరిగిన పిల్లల కంటే మెరుగ్గానే ఉంటాయి. బీపీ, షుగరు, మోకాళ్ళు ఒకసారి డాక్టరుకి చూపించుకుని రండి. మొదట్లో గెంతులు, వెనక్కి వంగడాలు ఉండవు, వేగం షిమ్మీలు ఆఖర్న. ఎనిమిది అంకెలా తుంటి తిప్పడం, చేతులు, నడక, వీటితో మొదలుపెడదాం. వార్మప్ మిగతావాళ్ళ కంటే ఐదు నిమిషాలు ఎక్కువ చేయండి, అంతే.

హుక్కులు కుట్టడం చూపించమని అడిగినవాళ్ళు ఉండండి. బెల్టు, సూది, గట్టి దారం నా దగ్గరే ఉన్నాయి. మిగతావాళ్ళు చాపలు మడిచేసి, వెళ్ళేటప్పుడు బ్యాగు రెండో భుజానికి వేసుకుని వెళ్ళండి.